సెలైన్ ఎక్కుతుండగా అమ్మకి చలి వణుకు: సీలు తీయని బాటిల్లో విషం ఎక్కడిది?

తెనాలి_పెద్దోడు | 11 ఆగస్టు, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. మొన్న శనివారం జరిగింది. అమ్మకి 67 ఏళ్ళు, షుగర్ ఉంది. రెండ్రోజులుగా నీరసం, వాంతులు. దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్తే ముందు ఒక సెలైన్ పెట్టారు. నలభై నిమిషాలు బాగానే ఉంది. సగం బాటిల్ అయ్యేసరికి మొదలైంది వణుకు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, ఇనప మంచం ఊగిపోతోంది. రెండు దుప్పట్లు కప్పి నేను మీద చెయ్యేసి పట్టుకున్నా ఆగలా. సిస్టరమ్మ వచ్చి సెలైన్ ఆపేసి, రెండు ఇంజెక్షన్లు చేసి, "సెలైన్ రియాక్షన్ అండీ, మామూలే" అని వెళ్ళిపోయింది. గంటకి జ్వరం 103. తెల్లారేసరికి దిగింది.

నా అనుమానం ఏంటంటే, బాటిల్ సీలు తీయడం నేనే చూశా. మీద స్టెరైల్ అని రాసుంది. అంటే క్రిములు లేనట్టేగా? క్రిమి లేని ఉప్పునీళ్ళు మనిషిని అలా ఎలా వణికిస్తాయి? మా బావమరిది అంటాడూ, "చచ్చిన బాక్టీరియా గోడల్లో విషం ఉంటది, మరగబెట్టినా చావదు" అని. నిజమేనా, లేక వాట్సాప్ సైన్సా?

---

లెక్కల_మాస్టారు | 11 ఆగస్టు, రాత్రి 10:52

ఈసారికి మీ బావమరిదికి నూటికి నూరు వేయొచ్చు.

దాన్ని ఎండోటాక్సిన్ అంటారు. మా చిన్నప్పటి తెలుగు మీడియం పుస్తకాల్లో అంతర్విషం. 1892లో బెర్లిన్‌లో, రాబర్ట్ కాక్ అనే బాక్టీరియా శాస్త్రవేత్త దగ్గర పనిచేసే రిచర్డ్ ఫైఫర్ కలరా బాక్టీరియాని వేడి చేసి చంపి, ఆ చచ్చిన సరుకుని గినీ పందులకి ఎక్కించాడు. బాక్టీరియా చచ్చాయి కాబట్టి పందులు బతకాలి. చచ్చిపోయాయి. అంటే ఈ విషం బాక్టీరియా బయటికి కక్కేది కాదు, దాని ఒంట్లో భాగం. అందుకే "ఎండో".

ధనుర్వాతం, డిఫ్తీరియా విషాలు వేరు. అవి బాక్టీరియా తయారుచేసి బయటికి వదిలే ప్రొటీన్లు, బహిర్విషాలు. ప్రొటీన్ కాబట్టి చాలావరకు వేడికి చెడిపోతాయి, ఫార్మలిన్‌తో విరిచి టీకా కూడా చేసుకోవచ్చు. అంతర్విషం ప్రొటీన్ కాదు. కొవ్వూ చక్కెరా కలిసిన అణువు. మరిగే నీళ్ళని అది లెక్కచేయదు.

---

డాక్టరమ్మ_కర్నూలు | 11 ఆగస్టు, రాత్రి 11:05

సైన్స్ తర్వాత మాట్లాడుకుందాం. పెద్దోడు గారూ, ముందు నాకు ఇవి చెప్పండి. అమ్మగారికి ఇప్పుడు జ్వరం ఉందా? మూత్రం మంటగా గానీ మాటిమాటికీ గానీ వస్తోందా? నడుం పక్కన నొప్పి? మాట తడబడటం, మగతగా ఉండటం ఏమైనా? ఆ రోజు రక్తం కల్చర్‌కి, అంటే అందులో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షకి, తీశారా?

సెలైన్ పెట్టాక వణికితే సెలైన్ వల్లే అనుకోవడం తేలిక. కానీ షుగర్ ఉన్న 67 ఏళ్ళ మనిషి రెండ్రోజుల వాంతులతో వచ్చిందంటే, ఆ వణుకు బాటిల్లోంచి వచ్చిందో, ఒంట్లోంచే వచ్చిందో చూడకుండా చెప్పలేం. రెండింట్లోనూ విషం అదే కావచ్చు.

---

తెనాలి_పెద్దోడు | 11 ఆగస్టు, రాత్రి 11:14

మేడమ్, ఇవాళ సాయంత్రం 100 ఉంది. పారాసెటమాల్ వేశా. మూత్రం సంగతి అడిగితే "నీకెందుకురా అవన్నీ" అంది. మా ఆవిడ చేత అడిగిస్తే వారం నుంచి మంటగా ఉందట! కల్చర్ లాంటిదేమీ తీయలేదు.

---

డాక్టరమ్మ_కర్నూలు | 11 ఆగస్టు, రాత్రి 11:17

రేపు పొద్దున్నే మంచి ఫిజిషియన్ దగ్గరికి. యూరిన్ కల్చర్, బ్లడ్ కల్చర్, సీబీపీ (రక్తకణాల లెక్క), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు). యాంటీబయాటిక్ మొదలెట్టకముందే కల్చర్లు తీయమనండి. ఈ రాత్రి మళ్ళీ వణుకు గానీ, మగత గానీ, ఆయాసం గానీ వస్తే పొద్దుటిదాకా ఆగకండి.

---

నిర్వాహకుడు | 11 ఆగస్టు, రాత్రి 11:30

ఫోరమ్ సలహా డాక్టర్ చూపుకి ప్రత్యామ్నాయం కాదని మళ్ళీ గుర్తుచేస్తున్నా. డాక్టరమ్మ గారు చెప్పిందీ అదే. ఈ చర్చా దారం తెరిచే ఉంచుతున్నా.

---

క్యూసీ_బాబాయ్ | 12 ఆగస్టు, ఉదయం 6:40

నేను హైదరాబాద్ శివారులో ఒక ఇంజెక్షన్ల ఫ్యాక్టరీలో మైక్రోబయాలజీ ల్యాబ్. పదహారేళ్ళుగా ఈ విషంతోనే కాపురం. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా, తిట్టుకోకండి.

మాస్టారు చెప్పినదానికి ఒక చిన్న సవరణ. "గోడలో విషం" అని అందరం అంటాం గానీ, అది ఉండేది గోడకి బయట చుట్టుకున్న పొరలో. బాక్టీరియాని రంగు పట్టే తీరుని బట్టి రెండు జాతులుగా విడదీస్తారు, 1884లో గ్రామ్ అనే డెన్మార్క్ డాక్టర్ కనిపెట్టిన పద్ధతి. ఊదా రంగు పట్టి ఉంచుకునేవి గ్రామ్ పాజిటివ్, వీటికి మందపాటి గోడ. రంగు వదిలేసేవి గ్రామ్ నెగటివ్: ఈ.కోలై, సాల్మొనెల్లా, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్. వీటి గోడ పల్చన, కానీ దాని మీద ఇంకో పొర ఉంటుంది. ఆ పొర బయటివైపంతా లైపోపాలీశాకరైడ్ అణువులే, బొచ్చులాగా. ల్యాబ్‌లో ఎల్‌పీఎస్ అంటాం, మాస్టారు చెప్పిన ఎండోటాక్సిన్ ఇదే. బయటికి వేలాడేది చక్కెర గొలుసు. లోపల పొరలో పాతుకున్న కొవ్వు ముక్క లిపిడ్-ఏ. విషమంతా ఆ లిపిడ్-ఏ దే.

ఇప్పుడు స్టెరైల్ సంగతి. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరి పెడితే బాక్టీరియా చస్తుంది. చచ్చి, పగిలి, ఎల్‌పీఎస్‌ని నీళ్ళలోకి వదులుతుంది. అది ఆ వేడికి చెక్కుచెదరదు. గాజు సీసాల మీద ఉన్నదాన్ని పోగొట్టాలంటే పొడి వేడిలో 250 డిగ్రీల దగ్గర అరగంట కాల్చాలి. సెలైన్‌ని అలా కాల్చలేంగా! అందుకే అసలు నీళ్ళలోకి రాకుండానే చూసుకోవాలి. స్టెరైల్ వేరు, పైరోజన్ (జ్వరం తెప్పించే పదార్థం) లేకపోవడం వేరు. లేబుల్ మీద ఈ రెండూ విడివిడిగా రాయడానికి కారణం ఇదే.

ఎంత ఉంటే తప్పు? మేం ఎండోటాక్సిన్ యూనిట్లలో, ఈయూల్లో, కొలుస్తాం. ఒక ఈయూ అంటే సుమారు 0.1 నానోగ్రాము. రక్తంలోకి ఎక్కించే మందుకి పరిమితి గంటకి కిలో బరువుకి 5 ఈయూ. వెన్నులోకి ఇచ్చేదానికైతే 0.2 మాత్రమే. 60 కిలోల మనిషికి గంటకి 300 ఈయూ, అంటే 30 నానోగ్రాములు. ఒక ఉప్పు రవ్వని వెయ్యి ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క కన్నా తక్కువ.

---

ఉద్దానం_తమ్ముడు | 12 ఆగస్టు, ఉదయం 7:25

బాబాయ్, ఒక ముక్క సెప్పండి. కాసి సల్లార్సిన నీల్లలో కూడా ఈ విషం ఉండిపోద్దంటే మరి తాగొచ్చా? ఇంట్లో సంటిపిల్లలున్నారు, బయమేస్తంది.

---

క్యూసీ_బాబాయ్ | 12 ఆగస్టు, ఉదయం 7:41

హాయిగా తాగొచ్చు తమ్ముడూ, పిల్లలకీ పట్టొచ్చు. కాచేది బతికున్న క్రిముల్ని చంపడానికి, ఆ పని అయిపోతుంది. కడుపులోకి పోయే ఎల్‌పీఎస్‌తో బెంగ లేదు. మన పెద్దపేగులో ఉన్న బాక్టీరియా దగ్గర ఉన్న ఎల్‌పీఎస్ ముందు, నేను పైన చెప్పిన 30 నానోగ్రాములు ఏ మూలకీ రాదు, లక్షల రెట్లు ఎక్కువ అక్కడుంటుంది. పేగు గోడ దాన్ని అవతలే ఆపుతుంది, కాస్తో కూస్తో జారినా కాలేయం చూసుకుంటుంది. గడపకి అవతల ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. సూదితో నేరుగా ఇంట్లోకి తెచ్చి కూర్చోబెడితేనే గొడవ.

---

ఆరోగ్యమే_భాగ్యం | 12 ఆగస్టు, ఉదయం 9:10

అందుకే నేను ఎప్పట్నుంచో చెప్తున్నా, అన్ని రోగాలకీ మూలం పేగుల్లో పేరుకున్న టాక్సిన్లే. పేగు గోడ లీక్ అయి ఈ ఎల్‌పీఎస్ రక్తంలోకి వెళ్ళి షుగర్, బీపీ, థైరాయిడ్, కీళ్ళనొప్పులు అన్నీ వస్తాయి. మా 21 రోజుల పేగుశుద్ధి కషాయం వాడినవాళ్ళకి టాక్సిన్లు మొత్తం బయటికి వచ్చేశాయి. కావలసినవాళ్ళు మెసేజ్ పెట్టండి.

---

లెక్కల_మాస్టారు | 12 ఆగస్టు, ఉదయం 9:22

బయటికొచ్చిన టాక్సిన్లని ఏ తక్కెడలో తూచారో కూడా సెలవియ్యండి. పరిమితి నానోగ్రాముల్లో ఉంది మరి.

---

నిర్వాహకుడు | 12 ఆగస్టు, ఉదయం 9:40

ఆరోగ్యమే_భాగ్యం గారూ, అమ్మకాలు ఇక్కడ కుదరవు. చర్చకి మాత్రం స్వాగతం.

---

డాక్టరమ్మ_కర్నూలు | 12 ఆగస్టు, మధ్యాహ్నం 1:50

ఓపీ మధ్యలో రాస్తున్నా. కషాయం సంగతి పక్కన పెడితే, పేగు నుంచి జారే ఎల్‌పీఎస్ గురించిన పరిశోధన ఉత్తిది కాదు. 2007లో బెల్జియం, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఎలుకలకి కొవ్వు ఎక్కువున్న తిండి పెడితే రక్తంలో ఎల్‌పీఎస్ రెండు మూడు రెట్లు పెరిగింది, బరువూ ఇన్సులిన్ నిరోధమూ (ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం) పెరిగాయి. అయితే అది ఎలుకల్లో. మనిషి రక్తంలో అంత తక్కువ ఎల్‌పీఎస్‌ని కొలవడమే కష్టం, ప్లాస్మాలోని ప్రొటీన్లు పరీక్షకి అడ్డొస్తాయి. దాన్నుంచి "థైరాయిడ్‌కి కషాయం" దాకా దూకడానికి మధ్యలో వంతెన లేదు. కూరగాయలు, పప్పులు, పీచు ఉన్న తిండి తినండి. పేగు గోడకి మంచిదే, వేరే వందింటికీ మంచిదే.

ఇక పెద్దోడు గారు అడిగిన అసలు ప్రశ్న, వణుకు ఎందుకు? ఎల్‌పీఎస్ రక్తంలోకి రాగానే ఒక ప్రొటీన్ దాన్ని పట్టుకెళ్ళి తెల్లకణాల మీదున్న టీఎల్ఆర్4 అనే గ్రాహకానికి అప్పగిస్తుంది. ఈ గ్రాహకమే ఎల్‌పీఎస్‌ని పసిగడుతుందని 1998లో బ్రూస్ బ్యూట్లర్ బృందం తేల్చింది. ఎంత ఎల్‌పీఎస్ ఎక్కించినా చలించని ఒక ఎలుక జాతి ఉండేది, దాని జన్యువుల్లో లోపం వెతుక్కుంటూ పోతే ఇది దొరికింది. 2011లో నోబెల్ ఇచ్చారు. ఆ గ్రాహకం మీట నొక్కగానే కణం టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్లు అనే హెచ్చరిక రసాయనాలు వదులుతుంది. వాటి సందేశంతో మెదడులోని థర్మోస్టాట్ 98.6 నుంచి 103కి జరుగుతుంది. ఒళ్ళు ఇంకా 98 దగ్గరే ఉంది కాబట్టి మెదడుకి అది చలిగా తోస్తుంది. కండరాలని వణికించి వేడి పుట్టిస్తుంది. అందుకే దుప్పట్లతో ఆగదు, లోపలి మీటర్ 103 చేరాకే ఆగుతుంది.

గమనించండి, ఎల్‌పీఎస్ తనంతట తాను కణాల్ని చంపదు. మనవాళ్ళే దాన్ని చూసి ఊరంతా సైరన్ మోగిస్తారు. కొంచెమైతే జ్వరం. ఎక్కువైతే రక్తనాళాలు వదులై బీపీ పడిపోవడం, ఎక్కడికక్కడ రక్తం గడ్డలు, కిడ్నీ, ఊపిరితిత్తులు దెబ్బతినడం. అదే సెప్టిక్ షాక్. ఎల్‌పీఎస్‌ని పట్టి ఆపే మందుల కోసం దశాబ్దాలు ప్రయత్నించారు. 1990ల మొదట్లో ఒక యాంటీబాడీ, 2013లో ఎరిటొరాన్ అనే టీఎల్ఆర్4 అడ్డుకట్ట, పెద్ద పరీక్షల్లో ప్రాణాలు కాపాడలేకపోయాయి. మేం రోగిని చూసేసరికే సైరన్ మోగి చాలాసేపైపోతుంది. అందుకే ఇప్పటికీ మా ఆయుధాలు పాతవే: త్వరగా గుర్తుపట్టడం, సరైన యాంటీబయాటిక్, ఫ్లూయిడ్స్, బీపీ నిలబెట్టడం.

---

జమ్మికుంట_జిన్నింగ్ | 12 ఆగస్టు, సాయంత్రం 7:30

నాకొక ముచ్చట యాదికొచ్చింది. మా బాపు ముప్పై ఏండ్లు పత్తి మిల్లుల చేసిండు. ఆదివారం సెలవు. సోమారం పొద్దున మిల్లుకు వోయినంక మధ్యాహ్నానికి ఛాతి పట్టేసినట్టు, దగ్గు, సాయంత్రం ఒళ్ళు వెచ్చగ. మంగళారం జర తక్కువ. గురువారానికి ఏం లేదు. మల్ల సోమారం అదే కథ. "ఆదివారం తాగి పడుకుంటవ్, సోమారం పనికి ఒళ్ళు వంగది" అని సేటు తిట్టేది. బాపు జన్మల మందు ముట్టలే. ఇప్పుడు డెబ్బై దాటింది, పది మెట్లెక్కితే ఆయాసం. దుమ్ము అలర్జీ అన్నరు. దీనికి ఈ విషానికి ఏమన్న సంబంధం ఉన్నదా సారూ?

---

క్యూసీ_బాబాయ్ | 12 ఆగస్టు, సాయంత్రం 7:58

ఉంది అన్నా, చాలా ఉంది. పత్తి కాయ చుట్టూ ఉండే ఎండాకు మీద ఎంటరోబాక్టర్ అగ్లోమెరాన్స్ లాంటి గ్రామ్ నెగటివ్ బాక్టీరియా విపరీతంగా ఉంటాయి. జిన్నింగ్‌లో, అంటే పత్తి నుంచి గింజ వేరుచేసేటప్పుడు, ఆకు పిండి అయి దుమ్ములో లేస్తుంది. బాక్టీరియా ఎప్పుడో ఎండి చచ్చినా దాని ఎల్‌పీఎస్ ఊపిరితో లోపలికి పోతుంది.

ఒక విచిత్రం చెప్తా. 1970, 71ల్లో అమెరికాలో చాలా ఆసుపత్రుల్లో సెలైన్, గ్లూకోజ్ ఎక్కించినవాళ్ళకి రక్తంలో ఇన్ఫెక్షన్లు వచ్చాయి. తవ్వితే సీసా మూత లోపలి పొర దగ్గర దొరికిన క్రిముల్లో ఈ అగ్లోమెరాన్స్ ఒకటి. పత్తి చేలో క్రిమి, ఆసుపత్రి సీసాలో క్రిమి, రెండూ ఒకే ఇంటిపేరు.

---

డాక్టరమ్మ_కర్నూలు | 12 ఆగస్టు, రాత్రి 9:05

అన్నా, మీరు చెప్పింది పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే ఉంది. ఈ జబ్బు పేరు బిస్సినోసిస్. "సోమవారం జ్వరం" అనే అంటారు. ఇంగ్లండ్ లాంకషైర్ మిల్లు కార్మికుల మీద షిల్లింగ్ అనే డాక్టరు 1950ల్లో పనిచేసి, సోమవారం మాత్రమే ఛాతీ బిగుస్తుందా, మిగతా రోజుల్లోనూనా అన్నదాన్ని బట్టి జబ్బుకి మెట్లు కట్టాడు. మీ సేటుకి కనపడని సంగతి అదే, వారం క్రమమే ఇక్కడ రోగ లక్షణం. 1987లో అమెరికాలో మనుషుల్ని గదుల్లో కూర్చోబెట్టి రకరకాల పత్తి దుమ్ము పీల్పించి ఊపిరి కొలిచారు. ఊపిరి తగ్గడం దుమ్ము బరువుతో కాదు, అందులోని ఎండోటాక్సిన్‌తో కలిసొచ్చింది. పత్తి దుమ్ములో ఇంకా చాలా ఉంటాయి కానీ, ముఖ్య అనుమానితుడు ఇదే.

బాపుని స్పైరోమెట్రీకి, అంటే ఊపిరి కొలిచే పరీక్షకి, తీసుకెళ్ళండి. "దుమ్ము అలర్జీ" అని చెప్పకండి, "ఇన్నేళ్ళు పత్తి మిల్లు, సోమవారం ఛాతీ పట్టేసేది" అని ఈ మాటలే చెప్పండి. బిస్సినోసిస్‌ని 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లోనే వృత్తి వ్యాధిగా చేర్చారు.

---

జమ్మికుంట_జిన్నింగ్ | 12 ఆగస్టు, రాత్రి 9:20

బాపుకు ఇది చదివి వినిపించిన. ఏమనలే. కొంచెంసేపైనంక "గా సేటు సచ్చిపోయిండు గద" అన్నడు.

---

న్యూజెర్సీ_నాగు | 13 ఆగస్టు, ఉదయం 8:15

మీకు పొద్దున, నాకు రాత్రి. జమ్మికుంట అన్న కథకి తిరగేసిన కథ ఒకటి. ఇక్కడ అమెరికాలో ఆమిష్, హట్టరైట్ అని రెండు రైతు సమాజాలు. జన్యువులు దగ్గర, తిండి దగ్గర. ఆమిష్ వాళ్ళు ఇంటి పక్కనే ఆవులు, గుర్రాలతో పాతకాలం సేద్యం. హట్టరైట్లది పెద్ద యంత్రాల సేద్యం, ఇంటికి దూరంగా. 2016లో వచ్చిన పరిశోధనలో ఆమిష్ ఇళ్ళ దుమ్ములో ఎండోటాక్సిన్ 6.8 రెట్లు ఎక్కువ. బడి పిల్లల్లో ఆస్తమా మాత్రం ఆమిష్‌లలో 5.2 శాతం, హట్టరైట్లలో 21.3 శాతం! పసితనంలో పేడ వాసనతో పెరిగితే మంచిదేనన్నమాట. మా ఆవిడ ఇంట్లో రోజూ డిస్‌ఇన్ఫెక్టెంట్ కొడుతుంది, చూపించా. వినలేదు.

---

ఆరోగ్యమే_భాగ్యం | 13 ఆగస్టు, ఉదయం 8:40

అదే విషం ఒకరికి రోగం, ఒకరికి మందా? సైన్స్ వాళ్ళు ఏదైనా చెప్తారు.

---

డాక్టరమ్మ_కర్నూలు | 13 ఆగస్టు, మధ్యాహ్నం 2:10

ఈ ప్రశ్న మాత్రం బాగుంది. ఎప్పుడు, ఎంత, ఏ దారిన అన్నదాన్ని బట్టి మారుతుంది. పాకుతున్న వయసులో రోజూ కొద్దికొద్దిగా అలవాటైతే రోగనిరోధక వ్యవస్థ ప్రతిదానికీ ఉలిక్కిపడకుండా నేర్చుకుంటుంది. ముప్పై ఏళ్ళు రోజుకి ఎనిమిది గంటలు గుప్పెళ్ళకొద్దీ పీలిస్తే ఊపిరి గొట్టాలు పాడవుతాయి. ఇప్పటికే ఆస్తమా ఉన్న పిల్లని గొడ్లపాకలో పడుకోబెడితే రోగం ముదురుతుంది, ఆ ప్రయోగాలు చేయకండి.

---

లెక్కల_మాస్టారు | 13 ఆగస్టు, సాయంత్రం 4:00

ఫైఫర్ మహాశయుడి పొరపాటు కూడా చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కలరా బాక్టీరియాలో అంతర్విషం దొరికింది కదా, కలరా విరేచనాలకీ అదే కారణం అనుకుని శాస్త్రలోకం అరవై ఏళ్ళకి పైగా గోడలోనే వెతికింది. చివరికి కలకత్తాలో శంభునాథ్ డే. కుందేలు పేగుని రెండు చోట్ల ముడేసి, మధ్యలో కలరా ద్రవం ఎక్కించి చూసే పద్ధతి ఆయనది. 1959లో బాక్టీరియాని వడకట్టి తీసేసి, ఒట్టి ద్రవం ఎక్కించాడు. పేగు నీళ్ళతో ఉబ్బిపోయింది. గోడ విషం కాదు, కక్కిన విషం. నోబెల్ రాలేదు, మన దేశంలో పాఠంలో కూడా రాలేదు.

సిఫిలిస్‌కి పెన్సిలిన్ ఇచ్చిన రోజు జ్వరం పెరుగుతుందే, యారిష్-హెర్క్స్‌హైమర్ అంటారు, అది కూడా బాక్టీరియా పగిలి వదిలిన ఎల్‌పీఎస్ వల్లే కదా డాక్టర్ గారూ?

---

డాక్టరమ్మ_కర్నూలు | 13 ఆగస్టు, సాయంత్రం 6:30

అక్కడ దొరికిపోయారు మాస్టారూ. సిఫిలిస్ క్రిమికి ఎల్‌పీఎస్ లేదు. దాని పొరలోని లైపోప్రొటీన్లు ఆ పని చేస్తాయి. గ్రామ్ పాజిటివ్ క్రిములదీ అదే తరహా, ఎల్‌పీఎస్ లేకపోయినా గోడలోని పెప్టిడోగ్లైకాన్, టైకోయిక్ ఆమ్లం ముక్కలు మనవాళ్ళని రెచ్చగొడతాయి. మోతాదు ఎక్కువ కావాలి, అంతే.

---

లెక్కల_మాస్టారు | 13 ఆగస్టు, సాయంత్రం 6:34

తొంభై ఎనిమిది మార్కులు వేసుకుంటా.

---

ఉద్దానం_తమ్ముడు | 13 ఆగస్టు, రాత్రి 8:10

మా సిన్నాన్నకి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒక్కోసారి మద్దిలో సలి పుట్టేస్తది. బాటిల్ సెలైన్‌కే ఇంతుంటే ఆ మిసను నీల్ల సంగతేటి? మా ఉద్దానంలో కిడ్నీలు పోడానికి కూడా ఈ విషమేనేటి?

---

క్యూసీ_బాబాయ్ | 13 ఆగస్టు, రాత్రి 8:45

మిషను నీళ్ళే అసలు పెద్ద సంగతి తమ్ముడూ. నిమిషానికి 500 మి.లీ. చొప్పున నాలుగు గంటలు, అంటే 120 లీటర్లు. పల్చటి పొరకి అటు రక్తం, ఇటు ఈ నీళ్ళు. అందుకే డయాలసిస్ నీళ్ళకి పరిమితి మి.లీ.కి 0.25 ఈయూ. సూదిమందు తయారుచేసే నీళ్ళకీ అదే అంకె. ఆర్‌వో ప్లాంటు బాగానే పనిచేసినా, పైపుల్లో నీళ్ళు కదలకుండా నిలిచే మూలలుంటే లోపల జిగురు పొర కడుతుంది. మీ ఇంటి నీళ్ళ ట్యాంకు గోడ తడిమితే జారుతుంది చూడండి, అదే. అక్కణ్ణుంచి ఎల్‌పీఎస్ ఊడుతూ ఉంటుంది. వడపోత క్రిమిని ఆపుతుంది, దాని పెంకుల్ని అన్నిసార్లూ ఆపదు. సెంటర్‌లో "ఎండోటాక్సిన్ రిపోర్టు చూపిస్తారా" అని మర్యాదగా అడగండి. అడిగే హక్కు ఉంది.

---

డాక్టరమ్మ_కర్నూలు | 13 ఆగస్టు, రాత్రి 9:15

చలి ఒక్క చిన్నాన్నకేనా, అదే షిఫ్టులో పక్క మంచాలవాళ్ళకీనా చూడండి తమ్ముడూ. అందరికీ అయితే నీళ్ళని అనుమానించాలి. ఒక్కరికే అయితే ముందు ఆయన క్యాథెటర్‌ని, అంటే డయాలసిస్ కోసం పెట్టిన గొట్టాన్ని. ఉద్దానం కిడ్నీ జబ్బు వేరే కథ, దాన్ని దీంతో ముడిపెట్టకండి.

---

న్యూజెర్సీ_నాగు | 14 ఆగస్టు, ఉదయం 7:50

బాబాయ్, ఇన్ని నానోగ్రాములు అంటున్నారు, కొలిచేది పీత రక్తంతోనే కదా? మాకు డెలావేర్ బే దగ్గర. మే, జూన్ నెలల్లో పున్నమి రాత్రి పోటు సమయానికి ఒడ్డుకి వెళ్తే, ఇసక మీద వేల గుర్రపు డెక్క పీతలు, బోర్లించిన మూకుళ్ళు నడుస్తున్నట్టు. వెల్లకిలా పడినవాటిని మా పాప తిరగేసి నీళ్ళలోకి వదులుతుంది. తోక పట్టుకుని లేపకూడదు, పెంకు అంచు పట్టుకోవాలి.

---

క్యూసీ_బాబాయ్ | 14 ఆగస్టు, రాత్రి 10:30

పాపకి మా ల్యాబ్ తరఫున దండాలు. మా జీతాలు ఆ పీతల పుణ్యమే.

వాటి రక్తం నీలం, మనకి ఇనుమున్నచోట వాటికి రాగి. 1950ల్లో ఫ్రెడరిక్ బ్యాంగ్ అనే శాస్త్రవేత్త అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన కేంద్రంలో ఒక పీతకి గ్రామ్ నెగటివ్ బాక్టీరియా ఎక్కిస్తే రక్తమంతా గడ్డకట్టి చచ్చింది. చచ్చిన బాక్టీరియా ఎక్కించినా అంతే. తర్వాత జాక్ లెవిన్‌తో కలిసి, ఆ రక్తకణాల రసం ఎల్‌పీఎస్ తగిలితే గడ్డకడుతుందని తేల్చారు. దాన్నే లాల్ పరీక్ష అంటాం. అంతకుముందు కుందేళ్ళే గతి. 1920ల్లో ఫ్లారెన్స్ సైబర్ట్ డిస్టిల్డ్ వాటర్ ఇంజెక్షన్ల జ్వరానికి కారణం నీళ్ళలోని బాక్టీరియా ఉత్పత్తులేనని కుందేళ్ళతో రుజువు చేసింది. మందు ఎక్కించి, కుందేలుకి జ్వరం వస్తుందా అని చూడటం.

ఇప్పుడు మా గదిలో ఎలా ఉంటుందంటే, వేలెడంత గాజు గొట్టం, 250 డిగ్రీల్లో కాల్చింది. అందులో 0.1 మి.లీ. లాల్, 0.1 మి.లీ. మందు. 37 డిగ్రీల గుంటలో సరిగ్గా గంట. ఆ గంటలో బల్లని ఎవరూ తగలకూడదు. మా దగ్గర ఒకసారి పక్కన ఫ్రిజ్ తలుపు దబ్బున వేస్తే సగం కట్టిన గడ్డలు విరిగి బ్యాచ్ పరీక్ష మళ్ళీ చేశాం. గంట కాగానే గొట్టాన్ని మెల్లగా తలకిందులు చేస్తాం. గడ్డ పైనే నిలబడితే విషం ఉన్నట్టు. జారితే లేనట్టు. పదహారేళ్ళయినా గొట్టం తిప్పేటప్పుడు ఊపిరి బిగబడుతుంది.

పీతల్ని రక్తం తీసి సముద్రంలో వదులుతారు, కొన్ని చచ్చిపోతాయి. మన ఒడిశా బాలాసోర్ తీరంలోనూ రెండు జాతులున్నాయి. సింగపూర్‌లో ఆ జాతుల్లో ఒకదాని జన్యువు తీసి, పీత లేకుండానే ఎల్‌పీఎస్‌ని పసిగట్టే ప్రొటీన్ తయారుచేశారు, ఫ్యాక్టర్-సి. యూరప్ ఫార్మకోపియా (మందుల ప్రమాణాల పుస్తకం) 2021 నుంచి దాన్ని ఒప్పుకుంటోంది. మెల్లగా అటే మళ్ళుతున్నాం.

ఇంకో సంగతి, ఇది నర్సింగ్ హోమ్‌ల గురించి. ఫ్యాక్టరీ బాటిల్ ఎంత శుభ్రంగా పంపినా, గాలి కోసమని బాటిల్‌కి పైన ఇంకో సూది గుచ్చి వదిలేస్తారు చూశారా? సగం వాడిన బి-కాంప్లెక్స్ వయల్ లోంచి మళ్ళీ మళ్ళీ తీసి ఇందులో కలుపుతారు చూశారా? అక్కడ నా పరీక్షలన్నీ గాలికి పోతాయి. పెద్దోడు గారూ, ఆ రోజు బాటిల్ అట్టే పెట్టారా?

---

తెనాలి_పెద్దోడు | 16 ఆగస్టు, రాత్రి 9:00

అందరికీ ఆలస్యంగా జవాబు ఇస్తున్నా, ఆసుపత్రిలోనే ఉన్నాం. డాక్టరమ్మ గారు చెప్పినట్టు మంగళవారం పొద్దున్నే వేరేచోట చేర్చాం. మూత్రంలోనూ రక్తంలోనూ ఈ.కోలై వచ్చింది. ఎడమ కిడ్నీకి ఇన్ఫెక్షన్ పాకిందట. క్రియాటినిన్ 2.1. యాంటీబయాటిక్ పెట్టిన మొదటి రోజు మళ్ళీ జ్వరం 102 వస్తే భయపడ్డా. మూడో రోజు నుంచి దిగింది. ఇవాళ ఇడ్లీ అడిగింది, చట్నీ బాలేదని తిట్టింది.

బాటిల్ సంగతా బాబాయ్, శనివారమే చెత్తబుట్టలోకి పోయింది. పైన గాలి సూది మాత్రం ఉంది, నాకు గుర్తుంది. కాబట్టి ఆ వణుకు బాటిల్‌దా, అమ్మ కిడ్నీదా అనేది ఇక తేలదు. ఇక్కడి డాక్టరు గారు మాత్రం "వారం నుంచి మంట ఉంటే, ఆ వణుకు ఈ.కోలైది అయ్యే అవకాశమే ఎక్కువ" అన్నారు. నేనేమో రెండ్రోజులు ఆ సిస్టరమ్మని, సెలైన్ కంపెనీని తిట్టుకుంటూ కూర్చున్నా, అమ్మని అడగాల్సిన ఒక్క ప్రశ్న అడగలేదు.

---

డాక్టరమ్మ_కర్నూలు | 16 ఆగస్టు, రాత్రి 9:25

చట్నీ బాలేదంది కదా, నాకు క్రియాటినిన్ కన్నా అది మంచి రిపోర్టు. కోర్సు పూర్తిగా వాడించండి, మధ్యలో ఆపొద్దు. వారానికి క్రియాటినిన్ మళ్ళీ చూపించండి. ఇంకెప్పుడైనా సెలైన్ పెట్టాక వణుకొస్తే: వెంటనే ఆపమనండి, బాటిల్, సెట్టు రెండూ పారేయకుండా కవర్లో కట్టించండి, రక్తం కల్చర్‌కి తీయమనండి. "మామూలే" అన్నా సరే.

---

జమ్మికుంట_జిన్నింగ్ | 16 ఆగస్టు, రాత్రి 9:50

అమ్మ బాగైనందుకు సంతోషం అన్న. బాపుకు బుధారం స్పైరోమెట్రీ రాసిండ్రు, వరంగల్‌ల. "సోమారం" అన్న ముక్క చెప్పంగనే డాక్టర్ పెన్ను కింద పెట్టి బాపు దిక్కు చూసిండు.

---

తెనాలి_పెద్దోడు | 16 ఆగస్టు, రాత్రి 10:02

నిర్వాహకులకి ఒక మనవి. తప్పు సెలైన్‌ది కాకపోవచ్చు కాబట్టి ఈ దారం టైటిల్ మార్చమంటారా?

---

నిర్వాహకుడు | 16 ఆగస్టు, రాత్రి 10:15

ఉండనివ్వండి. రేపు అర్ధరాత్రి ఇంకెవరో వణుకుతున్న మనిషి పక్కన కూర్చుని ఇవే మాటలు టైప్ చేసి వెతుకుతారు.